పుట్ ఆఫ్: రెండు కుప్పల్లో ఇమడని చీటీ

లిజనింగ్ ప్రాక్టీసు పేపరు మూడో ఖాళీలో నా స్టూడెంటు రాసిన జవాబు "బిట్ టఫ్". ఆడియోలో పేషెంటు అన్న మాట "ఐ జస్ట్ పుట్ ఇట్ ఆఫ్". ఆరు వారాలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది కదా, డాక్టరు దగ్గరికి ముందే ఎందుకు వెళ్లలేదు అని నర్సు అడిగితే అతను చెప్పిన సమాధానం అది. ఇవాళ రేపు అంటూ జరుపుకుంటూ వచ్చాను అని.

పేపరు దిద్దుతూ మొదట నవ్వుకున్నాను. ఆ ముక్కని వేగంగా నేనే పైకి అని చూశాక నవ్వు ఆగిపోయింది. పుటిటాఫ్. బిటిటఫ్. పెద్ద తేడా ఏముంది? పైగా ఆరు వారాల ఆయాసం గురించి చెబుతున్న మనిషి "కొంచెం కష్టంగా ఉంది" అనడంలో వింతేమీ లేదు. చెవి తనకు తెలిసిన మాటల్లో దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంది, అంతే. పుట్ ఆఫ్ ఆమెకు తెలియని మాట కాదు. కాకపోతే ఆమెకు తెలిసిన పుట్ ఆఫ్ వేరు.

నేను హైదరాబాద్‌లో నర్సులకు ఓఈటీ నేర్పుతాను, వైద్య రంగంలోవాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష అది. ఈ కేసులోని ఆమెను సిస్టర్ అనే పిలుస్తాను, వార్డులో అందరూ పిలిచేదీ అదే. ఖమ్మం వైపు అమ్మాయి, జీఎన్ఎమ్ అనే నర్సింగ్ డిప్లొమా చదివింది, కార్డియాక్ ఐసీయూలో ఆరేళ్లు పనిచేసింది. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఓఈటీలో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ ఒక్కోదాంట్లో 350, రైటింగ్‌లో 300 అడుగుతుంది. మొత్తం స్కేలు 500. సిస్టర్‌కి మొదటిసారి రీడింగ్, రైటింగ్ గట్టెక్కాయి. లిజనింగ్, స్పీకింగ్ ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయాయి. అప్పుడు నా దగ్గరికి వచ్చింది.

ఆ పరీక్ష సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట. లిజనింగ్ మొదటి భాగంలో ఇద్దరు పేషెంట్లు విడివిడిగా వైద్య సిబ్బందితో మాట్లాడే సంభాషణలు వినిపిస్తారు, నోట్స్‌లో మొత్తం 24 ఖాళీలు నింపాలి. ఒక్కసారే వినిపిస్తారు. స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు, ఒక్కోటి సుమారు 5 నిమిషాలు, ముందు కార్డు చదువుకోవడానికి 3 నిమిషాలు. ఎదుట కూర్చున్నవాళ్లు పేషెంటుగా నటిస్తారు. పేషెంట్లు వైద్య పుస్తకాల ఇంగ్లీషు మాట్లాడరు. "పోస్ట్‌పోన్" అనరు, "పుట్ ఆఫ్" అంటారు. "వామిట్" అనరు, "థ్రో అప్" అంటారు. మన నర్సులు మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ దగ్గర తడబడరు, థ్రో అప్ దగ్గర తడబడతారు.

అసలు ప్రమాదం రోల్ ప్లేలో బయటపడింది

"బిట్ టఫ్" సంగతి ఒక్క మార్కుతో పోయేది. మర్నాడు రోల్ ప్లే చేశాం. నేను పేషెంటుని, గుండెకి వాల్వు వేయించుకున్నవాణ్ని, రక్తం పలచబడే మందు సరిగ్గా వేసుకోవడం లేదు. ఎందుకు వేసుకోవడం లేదని ఆమె చక్కగానే అడిగింది. నేను "వెల్, ద సైడ్ ఎఫెక్ట్స్ పుట్ మీ ఆఫ్" అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగి, చిరునవ్వుతో, "ఓకే సర్, నో ప్రాబ్లమ్, యూ కెన్ టేక్ ఇట్ లేటర్" అంది.

నేను నటన ఆపేశాను. వాల్వు వేయించుకున్న మనిషికి ఆ మందు తర్వాత వేసుకోవచ్చని ఐసీయూ నర్సు చెప్పిందంటే ఏమవుతుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. నేను అన్నది "ఆ దుష్ప్రభావాలు చూసి జంకుతున్నాను" అని. ఆమె విన్నది "వాయిదా వేస్తున్నాను" అని. ఈసారి చెవి తప్పు లేదు, మాట స్పష్టంగానే వినిపించింది. పుట్ ఆఫ్ అంటే ఏమిటని అడిగితే టక్కున నాలుగు అర్థాలు చెప్పింది: వాయిదా వేయడం, ఇష్టం పోగొట్టడం, దృష్టి మళ్లించడం, లైటు ఆర్పడం. వరస కూడా తప్పలేదు. ఎందుకంటే ఆ వరస నా హ్యాండవుట్‌లోది.

అది నా తప్పు, ఇక్కడ ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి నేను పుట్ ఆఫ్, థ్రో అప్ లాంటి జంట మాటల్ని, ఫ్రేజల్ వర్బ్స్‌ని, కిరాణా చీటీలా ఇచ్చాను. మాట, పక్కన అర్థాలు, పక్కన ఒక వాక్యం. పిల్లలు కంఠతా పడతారు, అప్పజెబుతారు, నాకు తృప్తి. నాలుగు అర్థాల్లో ఈ వాక్యంలో ఏది అని తేల్చుకునే దారి మాత్రం ఆ చీటీలో లేదు. దారి లేనప్పుడు అందరూ మొదటిదాన్నే ఎత్తుకుంటారు.

ఇది మన పిల్లల బలహీనత అనుకుంటే పొరపాటు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయి దేశస్థులకు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని రాశాడు. వీటికి ఫ్రేజల్ వర్బ్ అనే పేరు అప్పటికి లేదు. ఆ పేరుని 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ప్రచారంలోకి తెచ్చాడు, నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరు అది. అంటే రోగం ముదిరిన 170 ఏళ్లకి పేరు పెట్టారన్నమాట.

మన "ఆఫ్"లు

ముందు సిస్టర్ నోట్లో "ఆఫ్" ఎన్ని పనులు చేస్తోందో రాయమన్నాను. ఆమె నైట్ డ్యూటీ దిగి పొద్దున తొమ్మిదిన్నరకి నేరుగా వచ్చేది, కళ్లు ఎర్రగా ఉండేవి. చాయ్ తాగుతూ రాసిన జాబితా ఇది: ఫ్యాన్ ఆఫ్ చేయి. రేపు నాకు ఆఫ్. నైట్ ఆఫ్. మూడాఫ్. ఆఫ్ టాబ్లెట్.

చివరిది చూసి నేనే ఆశ్చర్యపోయాను. అది "హాఫ్". మన నాలుక మీద హకారం జారిపోయి సగం కూడా ఆఫ్ అయి కూర్చుంది. మిగతావాటిలో ఆఫ్ అంటే ఆగిపోవడం, లేకపోవడం. కరెంటు ఆగింది, డ్యూటీ లేదు. అందుకే "పుట్ ఆఫ్" వినగానే తెలుగు చెవికి ముందు తట్టేది స్విచ్చే. "పుట్ ఆఫ్ ద ఫ్యాన్" అని మనం అనేది అక్కణ్నుంచే. అది శుద్ధ తప్పని నేను అనను, లైటు విషయంలో బ్రిటిష్ నిఘంటువుల్లోనూ ఆ అర్థం కనిపిస్తుంది. కానీ పేషెంటు నోట పుట్ ఆఫ్ వచ్చిందంటే అది స్విచ్ గురించి కావడం చాలా అరుదు.

మూడాఫ్ మాత్రం పనికొచ్చింది. "సైడ్ ఎఫెక్ట్స్ పుట్ మీ ఆఫ్" అన్నప్పుడు ఆ మనిషికి మందు మీద మూడ్ ఆఫ్ అయింది అనుకోండి అన్నాను. పూర్తిగా సరిపోదు. మూడాఫ్ ఒట్టి దిగులు, దేని మీద అన్నది ఉండక్కర్లేదు. పుట్ ఆఫ్‌కి ఎప్పుడూ ఫలానాదాని మీద అని ఉంటుంది. అయినా తలుపు కొంచెం తెరుచుకుంది.

తర్వాత ఎత్తిపొడుపు గురించి అడిగాను. "అత్తగారు ఎత్తి పొడిచింది" అంటే ఎవరిని ఎత్తింది, దేంతో పొడిచింది? సిస్టర్ పడీపడీ నవ్వింది. "కొట్టిపారేశాడు" అంటే ఎవరిని కొట్టాడు, ఎక్కడ పారేశాడు? "చేయి చేసుకున్నాడు" అంటే చెయ్యి తయారు చేసుకున్నాడా? ఇవన్నీ మనకి ఎవరూ జాబితాలు ఇచ్చి నేర్పలేదు. ఎవరు ఎవరిని, ఏ సందర్భంలో అన్నది చూస్తూ నేర్చుకున్నాం. పుట్ అంటే పెట్టడం, ఆఫ్ అంటే ఇక్కడ దూరంగా. దూరం పెట్టడం. ఏది దేనికి దూరమైందన్నదే ప్రశ్న.

సిస్టర్‌కి ఒక పాతది గుర్తొచ్చింది. చర్చిలో ఇంగ్లీషు ఆరాధనకు వెళ్లినప్పుడు విన్నదట, మండే పొద దగ్గర మోషేతో దేవుడు అన్న మాట. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అది "పుట్ ఆఫ్ దై షూస్". తెలుగులో "చెప్పులు విడువుము". చెప్పుల్ని కాళ్లకి దూరం చేయడం. ఇవాళ ఇంగ్లీషులో చెప్పులు, బట్టల విషయంలో "టేక్ ఆఫ్" అంటారు, పుట్ ఆఫ్ పాతబడింది. కానీ దూరం అనే మూలం అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

రెండు కుప్పలు

మూడో క్లాసుకి 30 చీటీలు రాసుకెళ్లాను, ఒక్కో చీటీ మీద పుట్ ఆఫ్ ఉన్న ఒక్కో వాక్యం. అర్థం చెప్పొద్దు, ఎవరు దేన్ని అన్నది చూసి టేబుల్ మీద రెండు కుప్పలు వెయ్యమన్నాను. మనిషి పనిని పుట్ ఆఫ్ చేస్తే ఎడమ కుప్ప. ఏదో ఒకటి మనిషిని పుట్ ఆఫ్ చేస్తే కుడి కుప్ప.

"ఐ పుట్ ఆఫ్ ద స్కాన్", ఎడమ. "షి కీప్స్ పుటింగ్ ఆఫ్ ద డెంటిస్ట్", ఎడమ. డెంటిస్టు మనిషే కదా సార్ అంది. నిజమే, కానీ ఇక్కడ డెంటిస్టు అంటే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే పని. ఒప్పుకుంది, కొంచెం అనుమానంగానే. "ద స్మెల్ పుట్ మీ ఆఫ్ మై ఫుడ్", కుడి. "హిజ్ మేనర్ పుట్స్ పీపుల్ ఆఫ్", కుడి. "స్టాప్ స్టేరింగ్, యూ ఆర్ పుటింగ్ మీ ఆఫ్", కుడి.

కుప్పలు పడ్డాక అర్థాలు వాటంతటవే వచ్చాయి. ఎడమ కుప్ప మొత్తం వాయిదా. పని కాలంలో దూరం జరిగింది. కుడి కుప్పలో మనిషి మనసో దృష్టో ఒకదానికి దూరమైంది. మనసు దూరమైతే అయిష్టం, జంకు. దృష్టి దూరమైతే చెదరడం. బౌలర్ చెయ్యి వెనక సైట్ స్క్రీన్ దగ్గర ఎవరో నడిస్తే బ్యాట్స్‌మన్ చెయ్యెత్తి ఆట ఆపుతాడే, అది ఈ చెదరడమే.

తెలుగు మాటల దగ్గర చాలాసేపు ఆగాం, అది అవసరం కూడా. "విరక్తి" అంటే సన్యాసం దాకా పోతుంది, అంత బరువు వద్దు. "మొహం మొత్తింది" అంటే అతిగా తిన్నందువల్ల. "మనసు విరిగింది"లో ఎవరో మనల్ని నొప్పించిన ఛాయ ఉంది. మందుల సైడ్ ఎఫెక్టుల విషయంలో "జంకాను" లేదా "వెనకాడాను" అన్నదే దగ్గర. తిండి విషయంలో సిస్టరే చెప్పింది: "సయించడం లేదు". కీమోథెరపీ వార్డులో పేషెంట్ల తల్లులు రోజూ అనే మాట, "వాడికేమీ సయించట్లేదు సిస్టర్". ఆ ఒక్క మాటతో "పుట్ మీ ఆఫ్ మై ఫుడ్" ఆమెకి శాశ్వతంగా అతుక్కుపోయింది. నేను పదేళ్లుగా వెతికినా నా హ్యాండవుట్‌లోకి రాని మాట అది.

ఇరవయ్యో చీటీయో ఇరవై ఒకటో, ఆమె చేతిలోనే ఆగిపోయింది. "ద క్లినిక్ పుట్ మీ ఆఫ్ టిల్ మండే."

"సార్, ఇక్కడ మనిషినే కదా పుట్ ఆఫ్ చేసింది. కుడి కుప్ప. కానీ సోమవారం అని ఉంది. వాయిదా. ఎడమ కుప్ప. ఏ కుప్పలో వెయ్యాలి?"

నిజం చెప్పాలంటే ఆ చీటీ రాసేటప్పుడు నేను ఇది ఆలోచించలేదు. మనిషిని తప్పించుకోవడానికి, మళ్లీ రమ్మని తిప్పి పంపడం అని వివరించబోయాను. నేను పూర్తి చేసేలోపే ఆమె, "అంటే మా అమ్మమ్మ ఇంటి తలుపు మీది రాతలాగా" అంది.

సున్నంతో రాసిన "ఓ స్త్రీ రేపు రా". ఒకప్పుడు మన ఊళ్లలో ఎన్ని తలుపుల మీద ఉండేదో. రాత్రి తలుపు తట్టే దయ్యం అది చదువుకుని వెనక్కి పోతుంది. మర్నాడు వస్తుంది, మళ్లీ అదే చదువుతుంది, మళ్లీ పోతుంది. దయ్యాన్ని కొట్టలేదు, తిట్టలేదు, రావద్దని కూడా అనలేదు. పుట్ ఆఫ్ చేశారు. అప్పులవాణ్ని, పెళ్లికి తొందరపెట్టేవాణ్ని, బిల్లు పాసు చేయమనే కాంట్రాక్టరుని మన వాళ్లు తిప్పేది ఇలాగే. టేబుల్ మీద మూడో కుప్ప పడింది. దానికి తలుపు కుప్ప అని పేరు పెట్టాం. ఇప్పుడు నా క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ ఆ కుప్ప ఉంది.

మధ్యలో "ఇట్", చివర "ఇంగ్"

వ్యాకరణం దగ్గర ఎక్కువ రోజులు పట్టలేదు. "పుట్ ఆఫ్ ద స్కాన్" అనొచ్చు, "పుట్ ద స్కాన్ ఆఫ్" అనొచ్చు. కానీ "ఇట్" వస్తే మధ్యలోనే, "పుట్ ఇట్ ఆఫ్". "పుట్ ఆఫ్ ఇట్" అనరు. పలికేటప్పుడు ఊనిక ఆఫ్ మీద పడుతుంది, "ఇట్" మధ్యలో నలిగిపోతుంది. "పుటిటాఫ్" అని వినిపించేది అందుకే. ఆ నలుగుడు చెవికి అలవాటయ్యేదాకా ఒక నిమిషం ఆడియోని రోజుకి పదిసార్లు వినమన్నాను. డ్యూటీకి మెట్రోలో వెళ్తూ వినేది.

పుట్ ఆఫ్ తర్వాత క్రియ వస్తే "గోయింగ్" అనాలి, "టు గో" కాదు. ఇక్కడ తెలుగే సాయం వచ్చింది. మనం "వెళ్లడం వాయిదా వేశాను" అంటాం, "వెళ్లడానికి వాయిదా వేశాను" అనం. "డం" ఉంటే ఇంగ్, "డానికి" ఉంటే టు. "వెళ్లడానికి ఒప్పుకున్నాను" అంటే "అగ్రీడ్ టు గో". సిస్టర్‌కి ఈ కిటుకు తెగ నచ్చింది, రెండ్రోజులు అన్నిటికీ వాడి చూసింది. మూడో రోజు "ఐ ఫర్గాట్ లాకింగ్ ద డోర్" అంది. తాళం వేయడం మర్చిపోయాను, డం ఉంది కదా మరి. అక్కడ "ఫర్గాట్ టు లాక్" రావాలి. "ఈత కొట్టడం నేర్చుకున్నాను" దగ్గరా ఇదే గొడవ, "లెర్న్డ్ టు స్విమ్". కాబట్టి ఈ కిటుకుని పుట్ ఆఫ్ దగ్గర, "అవాయిడ్", "స్టాప్" లాంటి కొన్నిటి దగ్గర మాత్రమే నమ్మమని చెప్పాను. మంచి కిటుకులన్నిటితో వచ్చే చిక్కే ఇది, వదిలితే ఊరంతా తిరుగుతాయి.

లెటర్‌లో వద్దన్నాను

ఇంత కష్టపడి నేర్చుకున్నాక సహజంగానే ఆమె దాన్ని అన్నిచోట్లా వాడింది. రైటింగ్ ప్రాక్టీసులో డాక్టరుకి రాసిన రిఫరల్ లెటర్‌లో "ద పేషెంట్ వాజ్ పుట్ ఆఫ్" అని రాసింది. నేను కొట్టేశాను. రిఫరల్ లెటర్ ఒక వృత్తి మనిషి మరో వృత్తి మనిషికి రాసేది, శైలికి అక్కడ విడిగా మార్కులున్నాయి. అంతకంటే ముఖ్యం, ఆ వాక్యం చదివిన డాక్టరుకి పేషెంటు జంకాడా, ఆస్పత్రివాళ్లు తిప్పి పంపారా అన్నది తెలియదు. రెండిటికీ చేయాల్సిన పని వేరు. జంకితే "రిలక్టెంట్" అని రాయాలి, తేదీ మారితే "పోస్ట్‌పోన్డ్" అని రాయాలి, ఎవరు మార్చారో కూడా రాయాలి. నోటితో వినడానికి, జవాబు చెప్పడానికి పుట్ ఆఫ్. కాగితం మీద వద్దు. కొంచెం చిన్నబుచ్చుకుంది.

ఫలితం

మొత్తం రెండు వారాలు, నాలుగు క్లాసులు ఈ ఒక్క మాట మీద పోయాయి. మా సెంటర్లో మిగతావాళ్లు ఇది వృథా అన్నారు, ఆ సమయంలో వంద ఫ్రేజల్ వర్బ్స్ అయిపోయేవని. కానీ ఆమె మిగతా వందనీ తనే కుప్పలు వేసుకోవడం మొదలుపెట్టింది. "ఎవరు ఎవరిని" అని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంది. మళ్లీ వాల్వు పేషెంటు రోల్ ప్లే చేసినప్పుడు నేను అదే ముక్క అన్నాను, "ద సైడ్ ఎఫెక్ట్స్ పుట్ మీ ఆఫ్". ఈసారి ఆమె, "విచ్ వన్ వర్రీస్ యూ ద మోస్ట్?" అంది. నాకు కావాల్సింది అదే ప్రశ్న.

రెండో ప్రయత్నంలో నాలుగూ దాటింది. అది పుట్ ఆఫ్ వల్లేనని నేను చెప్పుకోలేను. ఆ నెల ఆమెకి నైట్ డ్యూటీలు తగ్గాయి, నిద్ర దొరికింది, దాని వాటా ఎంతో నాకు తెలియదు. ఇప్పటికీ "పుట్ ఆఫ్ ద లైట్" అంటుంది. నేను దిద్దడం మానేశాను.

వెళ్లిన నాలుగో నెలలో ఇంగ్లండ్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టింది. ఒక పేషెంటు కొడుకు వార్డుకి ఫోన్ చేసి కోపంగా "ఐ వోంట్ బి పుట్ ఆఫ్" అన్నాడట. "ఇందులో చేసేవాడే లేడు కదా సార్, ఏ కుప్ప?" అని.

చేసేవాడు లేనప్పుడు వాక్యంలో వెతికి లాభం లేదు, ముందు ఏం జరిగిందో చెప్పమని రాశాను. స్కాన్ రిపోర్టు కోసం అతను మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నాడు, రోజూ డెస్క్‌లో ఎవరో ఒకరు రేపు చేయమంటున్నారు.

కాసేపటికి ఇంకో మెసేజ్, నాలుగు సెకన్లది. "తలుపు కుప్పే సార్. ఉంటా, వెళ్లి రిపోర్టు చూడాలి."